జ్వరం ప్రతీక కాదు

మన సాహిత్య విమర్శకు ఒక అలవాటుంది. కథలో వాన కురిస్తే అది వాన కాదంటుంది. చీకటి పడితే చీకటి కాదంటుంది. పాత్రకు జబ్బు చేస్తే అది జబ్బు కాదు, సమాజానికి పట్టిన రుగ్మతకు ప్రతీక అంటుంది. ఈ అలవాటు నాకూ చాలాకాలం ఉండేది. కాలేజీలో అమెరికన్ సాహిత్యం పాఠం చెప్పే రోజుల్లో, చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ నవల 'ఆర్థర్ మెర్విన్' గురించి ఏళ్ళ తరబడి ఒకే మాట చెప్పాను: ఇందులో జ్వరం నగర జీవితంలోని నైతిక పతనానికి ప్రతీక. పిల్లలు అదే రాసుకున్నారు, పరీక్షల్లో అదే రాశారు, నేనే మార్కులు వేశాను.

ఒకసారి వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి అడిగింది: "ప్రతీక అయితే అంతమంది నిజంగా ఎట్లా చచ్చిపోయారు సార్? ఆ ఊళ్ళో వాళ్ళకు నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చేవి?" అంతకు ముందు వేసవిలో వాళ్ళ ఊళ్ళో బోరు చెడిపోయి, చెరువు నీళ్ళు తాగి జనానికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయట. ఆమెకు ఆ ప్రశ్న సహజంగా వచ్చింది. నాకు రాలేదు. జవాబూ రాలేదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం. దీన్ని ఆత్మవిమర్శ అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

1. పీపాల్లో నీళ్ళు

1793లో ఫిలడెల్ఫియా అమెరికాకు రాజధాని. జనాభా దాదాపు 50 వేలు. ఆ ఏడు ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం సోకి దాదాపు 5 వేలమంది చనిపోయారు. అంటే పదిమందిలో ఒకరు. అధ్యక్షుడు వాషింగ్టన్ మొదలుకొని బండీ బంధువులూ ఉన్న ప్రతివాడూ ఊరొదిలిపోయాడు. మిగిలినవాళ్ళు ఎక్కువగా పోవటానికి చోటు లేనివాళ్ళు.

జ్వరం ఎక్కణ్ణించి వచ్చిందనే విషయంలో వైద్యులు రెండు పక్షాలయ్యారు. ఓడల మీద వచ్చిందని ఒక పక్షం వాదించింది. ఇప్పుడు మనం హైతీ అంటున్న ఫ్రెంచి వలసలో అప్పుడు బానిసల తిరుగుబాటు నడుస్తోంది. అక్కణ్ణించి శరణార్థులు ఓడల్లో ఫిలడెల్ఫియా చేరుతున్నారు. జ్వరం ఊళ్ళోనే పుట్టిందని రెండో పక్షం. దీనికి నాయకుడు డాక్టర్ బెంజమిన్ రష్. రేవులో పారబోసిన కాఫీ కుళ్ళి, దాని దుర్గంధంతో గాలి చెడి జ్వరం పుట్టిందని ఆయన సిద్ధాంతం.

చూడటానికి ఇది శాస్త్ర చర్చ. కాని దీని వెనక లెక్కలు వేరే ఉన్నాయి. జ్వరం ఓడల్లో వచ్చిందని ఒప్పుకుంటే రేవు మూసెయ్యాలి, వర్తకులు నష్టపోతారు. ఊళ్ళోనే పుట్టిందని ఒప్పుకుంటే ఊరు కడగాలి, దానికి పన్నులు వెయ్యాలి. ఏ సిద్ధాంతం నెగ్గితే ఎవరి జేబుకు చిల్లి పడుతుందో అందరికీ తెలుసు.

నిజం రెండు పక్షాల దగ్గరా సగం సగం ఉంది. జబ్బు ఓడలో వచ్చిన మాట నిజం. ఊళ్ళో పెరిగిన మాటా నిజం. రెంటినీ కలిపింది దోమ. ఈ మాట క్యూబాలో కార్లోస్ ఫిన్లే 1881లో చెప్పాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం రుజువు చేసింది. ఈ రెంటికీ మధ్య, 1897లో, మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో పట్టుకున్నాడు. పచ్చజ్వరం దోమ మురుక్కాలవలో పెరిగేది కాదు. వానపీపాల్లో, తొట్లలో, నిలవ చేసుకున్న మంచినీళ్ళలో గుడ్లు పెట్టేది. కొళాయి లేని ఊరు నీళ్ళు దాచుకుంటుంది. దాచుకున్న నీళ్ళలో దోమ పెరుగుతుంది. ఆ అమ్మాయి వేసిన ప్రశ్న ఎంత సూటిగా తగిలిందో నాకు అప్పుడు అర్థమైంది.

రష్ చెడ్డవాడు కాదు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడు, ఊరొదిలి పారిపోకుండా రోగుల మధ్య నిలబడ్డవాడు. కాని ఆయన వైద్యం భయంకరమైంది. కాలొమెల్ అనే పాదరసపు మందుతో విరేచనాలు చేయించేవాడు, నరం కోసి గిన్నెలకు గిన్నెలు నెత్తురు తీయించేవాడు. అదే ఊళ్ళో బుష్ హిల్ ఆసుపత్రిలో, హైతీ నుంచి శరణార్థిగా వచ్చిన ఫ్రెంచి వైద్యుడు జాన్ దవేజ్ విశ్రాంతి, పానీయాలు, శుభ్రతలతో మృదువైన వైద్యం చేశాడు. పరాయివాడి వైద్యం కాబట్టి పెద్ద వైద్యులు చాలామంది దాన్ని ఖాతరు చెయ్యలేదు. తర్వాత విలియం కాబెట్ అనే పత్రికా రచయిత రష్ వైద్యాన్ని ఎగతాళి చేస్తే, రష్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. తీర్పు వచ్చిన రోజు 1799 డిసెంబరు 14. అదే రోజు వాషింగ్టన్ గొంతు జబ్బుతో చనిపోయాడు. చనిపోయే ముందు వైద్యులు ఆయన ఒంట్లోంచి పదేపదే నెత్తురు తీశారు.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ తప్పకుండా చదవాల్సిన చిన్న పుస్తకాలు రెండున్నాయి. నల్లవాళ్ళకు ఈ జ్వరం సోకదని రష్ నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ నాయకులు ఆబ్సలోం జోన్స్, రిచర్డ్ అలెన్‌లను సాయం కోరాడు. నల్లవాళ్ళు రోగులకు సేవ చేశారు, శవాలు మోశారు, గోతులు తవ్వారు. జ్వరం తగ్గాక మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త ఒక పుస్తకం వేశాడు. నల్ల నర్సుల్లో కొందరు విపరీతంగా డబ్బు గుంజారనీ, రోగుల ఇళ్ళు దోచారనీ అందులో రాశాడు. పుస్తకం నెలల్లోనే పలుమార్లు అచ్చయింది. 1794లో జోన్స్, అలెన్‌లు జవాబు రాశారు. వాళ్ళు శోకాలు పెట్టలేదు. లెక్కలు చూపించారు. నల్లవాళ్ళ ఖననాలు 1792లో 67 అయితే, 1793లో 305. సోకదన్న జ్వరం ఎంతమందిని తీసుకుపోయిందో ఆ రెండు అంకెలే చెప్పాయి. నిందవేసిన కేరీ తనే మధ్యలో ఊరొదిలి వెళ్ళాడనీ, తర్వాత ఈ పుస్తకం అమ్ముకుని లాభపడ్డాడనీ కూడా గుర్తుచేశారు. అమెరికాలో నల్లవాళ్ళు అచ్చేసిన తొలి నిరసన రచనల్లో ఇదొకటి. నేను పాఠం చెప్పిన రోజుల్లో సిలబస్‌లో నవల ఉంది, ఈ పుస్తకం లేదు. లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు.

2. రెండు ఊళ్ళు, రెండు గొట్టాలు

జ్వరం పోలేదు. ఏడాదికో రెండేళ్ళకో తిరిగి వచ్చేది. ఫిలడెల్ఫియా ఇంజనీరు బెంజమిన్ లాట్రోబ్‌ను పిలిపించింది. షూల్‌కిల్ నది నీళ్ళను ఆవిరి యంత్రాలతో పైకి తోడి, నగరం నడిబొడ్డున సెంటర్ స్క్వేర్‌లో కట్టిన తొట్లలోకి ఎక్కించి, అక్కణ్ణించి తొలిచిన చెట్ల మానులే గొట్టాలుగా వీధుల్లోకి పంపించాడు. 1801 జనవరిలో నీళ్ళు వచ్చాయి. యంత్రాల చెక్క బాయిలర్లు మాటిమాటికీ మొరాయించేవి. తర్వాత ఫ్రెడరిక్ గ్రాఫ్ ఆధ్వర్యంలో ఫెయిర్‌మౌంట్ కొండ దగ్గర కొత్త కేంద్రం కట్టారు. అది 1815లో పని మొదలుపెట్టింది. 1822లో నదికి ఆనకట్ట వేసి, నది తనే తిప్పే చక్రాలతో నీళ్ళు తోడటం మొదలైంది. ఇంధనం ఖర్చు తప్పింది. చెక్క గొట్టాల స్థానంలో పోత ఇనుప గొట్టాలు వచ్చాయి.

ఇది చేసినవాళ్ళకు దోమ సంగతి తెలియదు. వీధులు కడిగితే దుర్గంధం పోతుంది, దుర్గంధం పోతే జ్వరం పోతుంది అని వాళ్ళ లెక్క. కారణం తప్పు, పని మాత్రం మంచిది. ఎందుకంటే అది నగరం తన సొంత డబ్బుతో, తన సొంత అజమాయిషీలో చేసిన పని.

న్యూయార్కు కథ వేరు. అక్కడ 1798లో ఇదే జ్వరంతో దాదాపు 2 వేలమంది పోయారు. మంచినీళ్ళ కోసం జనం గోల పెట్టారు. ఆరన్ బర్ అనే రాజకీయ నాయకుడు ముందుకొచ్చి, 1799 ఏప్రిల్‌లో మన్‌హాటన్ కంపెనీకి రాష్ట్ర శాసనసభ దగ్గర చార్టరు సంపాదించాడు. మూలధనం 20 లక్షల డాలర్లు. చార్టరు లోపల ఒక చిన్న వాక్యం పెట్టాడు: నీళ్ళ పనికి పోగా మిగిలిన డబ్బును కంపెనీ చట్టవిరుద్ధం కాని మరే వ్యాపారంలోనైనా పెట్టుకోవచ్చు. సెప్టెంబరు 1న ఆ కంపెనీ వాల్ స్ట్రీట్‌లో బ్యాంకు తెరిచింది. నీళ్ళు ఇంకా ఊళ్ళోకి రాలేదు.

దూరాన ఉన్న బ్రాంక్స్ నది నుంచి మంచినీళ్ళు తేవాలనే ప్రతిపాదన ఒకటి ఉండేది. కంపెనీ ఆ ఖర్చు పెట్టుకోలేదు. ఊళ్ళోనే కలెక్ట్ అనే పెద్ద మడుగు దగ్గర బావి తవ్వింది. ఆ మడుగు చుట్టూ తోళ్ళ కార్ఖానాలు, కబేళాలు. వాటి కుళ్ళంతా దాంట్లోకే. కొద్ది మైళ్ళ చెక్క గొట్టాలతో, డబ్బు కట్టగలిగిన కొన్ని వీధులకు, మురికి నీళ్ళు ఇచ్చింది. ఆ బ్యాంకు మాత్రం దినదిన ప్రవర్ధమానమై, 1955లో మరో బ్యాంకుతో కలిసి చేజ్ మన్‌హాటన్ అయింది. ప్రపంచంలోని పెద్ద బ్యాంకుల్లో ఒకదాని వంశవృక్షంలో దప్పిగొన్న ఊరి పేరు చెప్పి తెచ్చుకున్న చార్టరు ఒకటి ఉందన్నమాట.

కలెక్ట్ మడుగును 1811 ప్రాంతానికి పూడ్చేశారు. పూడ్చిన నేల సరిగ్గా గట్టిపడలేదు. ఇళ్ళు కుంగాయి, నేలమాళిగల్లో నీరు ఊరింది. స్తోమత ఉన్నవాళ్ళు లేచిపోయారు. ఐరిష్ వలస కూలీలూ, నల్లవాళ్ళూ వచ్చి చేరారు. అదే ఫైవ్ పాయింట్స్ అనే ప్రసిద్ధ మురికివాడ. మురికివాడలు మనుషుల గుణాన్ని బట్టి పుడతాయనుకునే కథకులు, పూడ్చిన మడుగు చరిత్ర ఒక్కటి చదివితే చాలు.

3. 1832

తెలంగాణలో గత్తర అనే మాట ఇప్పటికీ తిట్టులో బతికి ఉంది. గత్తరంటే కలరా. 1817లో బెంగాలులోని జెస్సోరు ప్రాంతంలో పెచ్చరిల్లి, 1818లో గంజాం, విశాఖపట్నం తీరం వెంట దక్షిణానికి దిగింది. సైన్యాలూ, సంతలూ, యాత్రలూ దాన్ని మోశాయి. బెంగాలు నుంచే బయల్దేరిన రెండో అల రష్యా, యూరప్ దాటి, 1832 వేసవిలో ఐరిష్ వలస జనంతో క్యూబెక్‌లో దిగింది. జూన్ ఆఖరుకు న్యూయార్కు చేరింది. మన గత్తరా, వాళ్ళ కలరా ఒకే వ్యాపార సామ్రాజ్యపు దారుల్లో నడిచిన జబ్బు.

న్యూయార్కులో దాదాపు 3,500 మంది చనిపోయారు. మళ్ళీ అదే దృశ్యం: డబ్బున్నవాళ్ళు బళ్ళలో, పడవల్లో వెళ్ళిపోయారు. చావులు ఫైవ్ పాయింట్స్ లాంటి చోట్ల ఎక్కువ. ఆ చావుల పంపకాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారన్నది మనకు ముఖ్యం. తాగుబోతులకూ, సోమరులకూ, అశుభ్రంగా బతికేవాళ్ళకే ఇది వస్తుందని పెద్దమనుషులు నమ్మారు, ప్రసంగించారు. చర్చి వేదికల మీద ఇది పాపానికి దండన అయింది. దేశమంతా ఉపవాస ప్రార్థన దినం ప్రకటించాలని సెనేటులో హెన్రీ క్లే తీర్మానం తెచ్చాడు. అది మతానికీ రాజ్యానికీ మధ్య గీతను చెరిపేస్తుందని అధ్యక్షుడు జాక్సన్ ఒప్పుకోలేదు. వైద్యులు పాతపద్ధతిలోనే నెత్తురు తీశారు, కాలొమెల్ ఇచ్చారు. నీరు పోయి చచ్చిపోతున్న రోగి దగ్గర్నుంచి ఇంకా నీరు లాగేశారు.

అదే ఏడు స్కాట్లండులో థామస్ లాటా అనే వైద్యుడు కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి కొందర్ని బతికించాడు. పెద్దల వైద్యం దాన్ని మరిచిపోయింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్‌లో, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి వేలమందిని కాపాడాడు. కలరాను తెచ్చేదీ నీళ్ళే, బతికించేదీ నీళ్ళే. ఎవరి చేతికి ఏ నీళ్ళు అందుతాయన్నదే ప్రశ్న.

ఫిలడెల్ఫియాలో అదే వేసవిలో చావులు వెయ్యిలోపే. అది ఫెయిర్‌మౌంట్ నీళ్ళ పుణ్యమని అప్పటివాళ్ళు చెప్పుకున్నారు. అయితే ఆ నీళ్ళూ అందరికీ కాదు. ఊరికి పడమరగా మాల్వెర్న్ దగ్గర రైలుదారి పనికి తెచ్చిన 57 మంది ఐరిష్ కూలీలు ఆ వేసవిలోనే చనిపోయారు. గుంపుగా పూడ్చేశారు. ఆ చోటు పేరు డఫీస్ కట్. కంపెనీ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. చుట్టుపక్కల మాత్రం ఆ గోతుల మీద దయ్యాలు నాట్యమాడాయని కథలు చెప్పుకున్నారు. 2009 నుంచి తవ్వకాల్లో ఎముకలు దొరికాయి. కొన్ని పుర్రెల మీద దెబ్బల గుర్తులున్నాయి. అంటే కొందర్ని చంపింది కలరా కాకపోవచ్చు, కలరా భయం కావచ్చు. చరిత్ర దాచినదాన్ని జానపదుల దయ్యం కథ దాచలేదు. జానపద కథల్ని మూఢనమ్మకాలని తోసేసే అభ్యుదయవాదులం మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

4. 1842: రెండు పుస్తకాలు, ఒక కాలువ

ఎట్టకేలకు 1835లో న్యూయార్కు ఓటర్లు నగరమే సొంతంగా నీళ్ళు తెచ్చుకోవాలని తీర్పిచ్చారు. ఆ డిసెంబరులోనే గడ్డకట్టే చలిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, ఆర్పటానికి నీళ్ళు లేక వందల భవనాలు తగలబడ్డాయి. కాలరాకు కదలని పెట్టుబడి, గోదాములు కాలేసరికి కదిలింది. జాన్ జెర్విస్ ఇంజనీరుగా, ఎక్కువ భాగం ఐరిష్ కూలీల చేతులతో, 41 మైళ్ళ క్రోటన్ కాలువ పూర్తయింది. 1842 అక్టోబరు 14న నగరమంతా ఊరేగింపు, ఫౌంటెన్లు, ఫిరంగులు.

ఆ ఏడే మేనెలలో ఎడ్గార్ ఎలన్ పో కథ 'ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్' అచ్చయింది. దేశంలో మహమ్మారి చెలరేగితే ఒక రాజు వెయ్యిమంది స్నేహితులతో కోటలో తలుపులు బిగించుకుని విందులు చేసుకుంటాడు. మహమ్మారి మారువేషంలో వచ్చి అందర్నీ చంపుతుంది. గొప్ప కథ, సందేహం లేదు. కాని నీళ్ళ చరిత్ర చదివాక నాకు ఒక ప్రశ్న వచ్చింది. 1793లో, 1832లో గోడల వెనక్కి వెళ్ళినవాళ్ళు చాలావరకు చావలేదు. బయట మిగిలినవాళ్ళే చచ్చారు. చావుకు గొప్పాబీదా తేడా లేదనే మాట వినటానికి న్యాయంగా ఉంటుంది. ఖననాల లెక్కల ముందు అది నిలబడదు. పో ధనికుణ్ణి శిక్షించి మనకు తృప్తి కలిగించాడు. ఆ తృప్తి నిజమైన అసమానతను మరిపిస్తుంది.

అదే అక్టోబరులో డికెన్స్ 'అమెరికన్ నోట్స్' వెలువడింది. అందులో ఆయన ఫెయిర్‌మౌంట్ నీటి కేంద్రాన్ని మెచ్చుకున్నాడు, పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూసిన ఫైవ్ పాయింట్స్ నరకాన్నీ వర్ణించాడు. నీళ్ళున్న ఊరూ, నీళ్ళందని పేటా ఒకే పుస్తకంలో ఉన్నాయి. రెంటినీ కలిపే వాక్యం మాత్రం పాఠకుడే రాసుకోవాలి.

ఇక క్రోటన్ నీళ్ళు ఎవరింటికి వచ్చాయి? గొట్టం వీధిలోకి వచ్చింది. ఇంట్లోకి రావాలంటే ఇంటి యజమాని డబ్బు కట్టాలి. అద్దెకొంపల యజమాని ఎందుకు కడతాడు? బీదలు వీధి పంపు దగ్గర బకెట్లతో నిలబడ్డారు. మురుగు పోయే దారి ఇంకా సరిగా లేదు. డాక్టర్ జాన్ గ్రిస్కమ్ నగర ఆరోగ్యాధికారిగా ఈ సంగతులు రాస్తే ఆయన్ని పదవిలో కొనసాగించలేదు. 1845లో ఆయన తన నివేదికను పుస్తకంగా వేశాడు. ఏడు వేలమందికి పైగా నేలమాళిగల్లో బతుకుతున్నారని అందులో లెక్క చెప్పాడు. 1849లో కలరా మళ్ళీ వచ్చి న్యూయార్కులో దాదాపు 5 వేలమందిని తీసుకుపోయింది. ఈసారి అధ్యక్షుడు టేలర్ ఉపవాస దినం ప్రకటించాడు. కాలువ కట్టిన ఏడేళ్ళకు ఇదీ ఫలితం. 1866లో గట్టి అధికారాలున్న ఆరోగ్యమండలి ఏర్పడి, ఇళ్ళూ దొడ్లూ శుభ్రం చేయించాకనే, ఆ ఏడు వచ్చిన కలరా అంతకు ముందుకంటే చాలా తక్కువమందిని బలిగొంది.

5. మనకు దీంతో పనేమిటి

ఇప్పుడు 'ఆర్థర్ మెర్విన్' దగ్గరికి తిరిగి వద్దాం. బ్రౌన్ స్వయంగా జ్వరం పడి లేచినవాడు. 1798లో తన స్నేహితుడైన వైద్యుడు ఎలిహూ స్మిత్‌ను దానికే పోగొట్టుకున్నాడు. నవలలో ఫోర్జరీలూ మోసాలూ చేసే వెల్‌బెక్, శవాల బళ్ళు తిరిగే వీధులూ పక్కపక్కనే ఉంటాయి. నేను దీన్ని ప్రతీక అన్నాను. నిజానికి బ్రౌన్ చూసింది అంతకంటే గట్టిది: సరుకులూ, అప్పులూ, జ్వరమూ ఒకే రేవులో దిగుతున్నాయి. అది పోలిక కాదు, సంబంధం. ప్రతీక అనగానే సంబంధం తెగిపోతుంది, చదివేవాడు నీతి దగ్గర ఆగిపోతాడు. పాదరసం ఇచ్చిన వైద్యుడూ, పాపమన్న పాస్టరూ ఆగింది కూడా అక్కడే.

ప్రతీకలు వద్దని నేను అనటం లేదు. జబ్బును ప్రతీక చేసే ముందు జబ్బుగా చూడమంటున్నాను. మన గ్రామాల్లో ఏ కులానికి ఏ బావి అన్నది చెప్పకుండా గత్తర కథ రాయటం కుదరదు. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు సబ్బుతో మాటిమాటికీ కడుక్కోమన్నారు. బిందె నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర నిలబడే బస్తీకి ఆ మాట ఎట్లా వినిపించింది? వందల మైళ్ళు నడిచిపోయిన కూలీలకు దారిలో నీళ్ళు ఎవరిచ్చారు? ఆ ఏడాది మనం కుప్పలుగా కవితలు రాశాం. చాలావాటిలో వైరస్ ఒక రాక్షసి, మనిషి అహంకారానికి శిక్ష. 1832 నాటి చర్చి ప్రసంగానికీ వాటికీ తేడా కనిపెట్టటం నాకు కష్టమైంది.

న్యూయార్కులో క్రోటన్ నీళ్ళు నిలవచేసిన జలాశయాల్లో ఒకటి 42వ వీధిలో ఉండేది. దాన్ని తీసేసిన చోట 1911లో నగర గ్రంథాలయం తెరిచారు. ఇప్పుడు అక్కడ కూర్చుని పో కథ చదువుకోవచ్చు. చదివే పాఠకుడి కాళ్ళకింద ఒకప్పుడు నీళ్ళుండేవి. ఆ నీళ్ళు ఎవరి కష్టంతో వచ్చాయో, ఎవరింటి దాకా వెళ్ళి ఆగిపోయాయో అడగటం కూడా సాహిత్య విమర్శ పనే. ఆ సంగతి నాకు నేర్పింది ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు, వెనక బెంచీలో కూర్చున్న ఆ అమ్మాయి.